బోటులో కొత్త ఇంజిన్ బిగించాక ట్రయల్ ఎలా చేయాలి? జెట్టీ దగ్గర బాగుంది, నదిలోకి వెళ్తే రేస్ అందుకోవడం లేదు

పల్లిపాలెం_తమ్ముడు (మే 26, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది అంతర్వేది పల్లిపాలెం. మా పెద్దనాన్నగారికి నలభై అడుగుల చెక్క బోటు ఉంది. సరంగు (బోటు నడిపే పెద్ద) ఆయనే. డిగ్రీ అయ్యాక రెండేళ్ల నుంచి డీజిల్, ఐస్, రిపేరు లెక్కలన్నీ నేనే చూస్తున్నాను. ఇంజిన్ పని నేను నేర్చుకున్నది కాదు, పక్కన నిలబడి చూసి తెలుసుకున్నదే.

పోయిన నవంబరులో తిరిగి వస్తుంటే మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర, సరిగ్గా అల విరిగే చోట, పాత ఇంజిన్ ఆగిపోయింది. అప్పుడు నేనూ బోటులోనే ఉన్నాను. వెనకాల వస్తున్న బోటు వాళ్లు తాడు విసిరారు కాబట్టి ఒడ్డుకు చేరాం. ఆ రోజు పెద్దనాన్న ముఖం నేను మర్చిపోలేను. అందుకే ఈ వేట నిషేధం రెండు నెలల్లో అప్పు చేసైనా కొత్త ఇంజిన్ వేయించాలని పట్టుబట్టాను.

వివరాలు ఇవి. పాత ఇంజిన్ 90 హార్స్ పవర్, 1800 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు). కొత్తది 110 హార్స్ పవర్, 2200 ఆర్‌పీఎం. గేరు బాక్సు పాతదే, 3:1 (ఇంజిన్ మూడు చుట్లు తిరిగితే షాఫ్టు ఒక చుట్టు). ఫ్యాను (ప్రొపెల్లరు) కూడా పాతదే. గేరు బాక్సును ఫ్యాను షాఫ్టుతో కలిపే కప్లింగ్ ఆరంగుళాలు. బోటు ఒడ్డున ఉన్నప్పుడే ఇంజిన్ కూర్చోబెట్టి అలైన్‌మెంట్ (ఇంజిన్, షాఫ్టు ఒకే వరసలో ఉన్నాయా అని) చూశారు. కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దించాం.

మెకానిక్ గారు బోటును జెట్టీకి కట్టేసి, గేరు వేసి నలభై నిమిషాలు నడిపారు. మోత సాఫీగా ఉంది, ఆయిల్ ప్రెషర్ బాగుంది. 'ఓకే, మిగిలిన డబ్బులు ఇచ్చేయండి' అన్నారు. మర్నాడు నదిలో సఖినేటిపల్లి వైపు తీసుకెళ్తే, ఫుల్ రేస్ (పూర్తి యాక్సిలరేటర్) ఇచ్చినా 1880 ఆర్‌పీఎం దాటలేదు. నల్లటి పొగ. పావుగంటలో టెంపరేచర్ 94కి వెళ్లింది. వెంటనే తగ్గించేశాం.

అడిగితే 'కొత్త ఇంజిన్ కదా, టైట్‌గా ఉంటుంది, వేట మొదలయ్యాక ఫ్రీ అవుతుంది' అంటున్నారు. పెద్దనాన్న సగం నమ్మారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. జూన్ 14 అర్ధరాత్రితో నిషేధం అయిపోతుంది. ఈలోగా ఏమేం చూసుకోవాలో, అసలు ట్రయల్ అంటే ఎలా చేయాలో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

---

ఫిట్టర్_కాకినాడ (మే 27, ఉదయం 6:15)

తమ్ముడూ, విశాఖ సిఫ్‌నెట్‌లో (కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ) మెరైన్ ఫిట్టర్ కోర్సు చేసి ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ముందు ఒక మాట. మిగిలిన డబ్బులు ఇప్పుడే ఇవ్వొద్దు. గొడవా పడొద్దు. 'లోడుతో నదిలో ట్రయల్ చూసి, అంకెలు రాసుకున్నాక ఇస్తాం' అని మర్యాదగా చెప్పండి. పని మీద నమ్మకం ఉన్న మెకానిక్ ఆ మాటకు ఒప్పుకుంటాడు.

కొత్త ఇంజిన్ టైట్‌గా ఉండటం నిజమే, కానీ దానివల్ల మూడొందల ఆర్‌పీఎం పోదు. నల్ల పొగ అంటే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదు, లేదా ఇంజిన్ మోయలేని బరువు మీద పడింది. రెండూ కావచ్చు.

జెట్టీకి కట్టి నడపడం అవసరమే. కానీ అందులో తెలిసేది కొంతే. గేరు పడుతోందా, పైపులు కారుతున్నాయా, మౌంటింగులు కదులుతున్నాయా అన్నవి తెలుస్తాయి. బోటు కదలదు కాబట్టి ఫ్యాను మీద బరువు ఎక్కువగా ఉంటుంది, ఇంజిన్ పూర్తి తిరుగుడుకు రాదు. రాలేదని తప్పు పట్టలేం, బాగుందనీ చెప్పలేం. ఇంకో సంగతి, మన కాలువల్లో జెట్టీ కింద ఒండ్రు ఉంటుంది. నలభై నిమిషాలు ఫ్యాను తిప్పితే అదంతా లేచి నీటి పంపులోకి వస్తుంది. ముందు స్ట్రెయినర్ (పంపులోకి వచ్చే నీటిని వడకట్టే జాలీ) మూత విప్పి చూడండి. మీ 94 డిగ్రీల్లో కొంత అక్కడే దొరకొచ్చు. ఒండ్రు పోయి ఉంటే పంపులో రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు కూడా చూడండి.

రెండోది అలైన్‌మెంట్. ఒడ్డున చూసిన అలైన్‌మెంట్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. చెక్క బోటు నీళ్లలోకి దిగాక చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది, బోటు ఒళ్లు సర్దుకుంటుంది. రెండు మూడు రోజులు నీళ్ల మీద ఉంచి, ట్యాంకులో సగం డీజిల్ ఉన్నప్పుడు కప్లింగ్ బోల్టులు విప్పి, రెండు ముఖాల మధ్య ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి ఆకులు)తో పైన, కింద, కుడి, ఎడమ చూడాలి. ఆ తర్వాత షాఫ్టును పావు చుట్టు తిప్పి మళ్లీ చూడాలి. కప్లింగ్ వ్యాసం అంగుళానికి ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు) చొప్పున తేడా ఉండొచ్చని మేం లెక్క పెట్టుకుంటాం. మీది ఆరంగుళాలు కాబట్టి ఆరు థౌ లోపు ఉండాలి.

ఇవి చూడకుండా నదిలోకి వెళ్లొద్దు. చూశాక ఇలా చేయండి. చల్లగా ఉన్నప్పుడు ఇంజిన్ ఆయిల్, గేరు ఆయిల్, కూలెంట్ చూడండి. స్టార్ట్ చేయగానే సైలెన్సర్ పైపులోంచి నీళ్లు పడుతున్నాయా చూడండి. అర నిమిషంలో పడకపోతే ఆపేయాలి, లేకపోతే ఇంపెల్లర్ కాలిపోతుంది. సెల్ఫ్ కొడుతున్నా ఇంజిన్ అందుకోకపోతే, సముద్రపు నీటి వాల్వు తెరిచి పెట్టి పదే పదే కొట్టొద్దు. ఆ నీళ్లు సైలెన్సర్‌లో నిండి వెనక్కి సిలిండర్లలోకి వస్తాయి. కొత్త ఇంజిన్లు అలా పాడైపోవడం నేను చూశాను.

ఇంజిన్ వేడెక్కాక మెల్లగా బోటు నడుపుతూ 1000 నుంచి రెండొందల చొప్పున పెంచుకుంటూ పోండి. ప్రతి మెట్టు దగ్గర ఐదు నిమిషాలు ఆగి ఆర్‌పీఎం, ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్, స్పీడు, పొగ రంగు నోటుబుక్కులో రాయండి. డాష్‌బోర్డు మీటరును నమ్మొద్దు. క్రాంకు పుల్లీకి మెరిసే స్టిక్కరు అంటించి చేతిలో పట్టుకునే డిజిటల్ టాకో మీటరుతో చూడాలి. నూట యాభై తేడా చూపించే మీటర్లు నేను చాలా చూశాను. చివరికి ఫుల్ రేస్ ఇచ్చినప్పుడు, లోడుతో, ఇంజిన్ మీద రాసి ఉన్న 2200 రావాలి. అదొక్కటీ రాకపోతే మిగతావన్నీ బాగున్నా ట్రయల్ పాస్ కానట్టే.

ఫ్యాను సంగతి నాకు అనుమానంగా ఉంది. ముందు ఈ అంకెలు తెచ్చి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

---

భైరవపాలెం_సరంగు (మే 27, మధ్యాహ్నం 1:05)

ఫిట్టర్ గారు ఇంజిన్ గురించి చెప్పారు, నేను నీళ్ల గురించి చెబుతాను. మాది గోదావరి గౌతమి పాయ వైపు అయినా సంగతి ఒకటే.

లోతు తక్కువ ఉన్నచోట ట్రయల్ చేస్తే అంకెలు అబద్ధం చెబుతాయి. అడుగున నీళ్లు లేకపోతే బోటు వెనక భాగం కిందికి కుంగుతుంది, ఈడ్చినట్టు వెళ్తుంది, ఇంజిన్ రేస్ పడిపోతుంది. సఖినేటిపల్లి వైపు ఏ దారిలో వెళ్లారో గానీ, ఇసుక మేటల పక్క నుంచి వెళ్తే కచ్చితంగా తేడా వస్తుంది. పంటు (రేవు దాటించే పడవ) తిరిగే దారిలో లోతు ఉంటుంది. పంటు వచ్చీపోయే టైము చూసుకుని, వాళ్లకు అడ్డం రాకుండా ఆ లోతులోనే చేయండి.

పోటు పాట్లు (సముద్రపు నీరు ఎక్కడం, దిగడం) కూడా చూసుకోండి. అమావాస్యకు, పున్నమికి పాటు లాగేటప్పుడు మీ వశిష్ఠ పాయలో నీళ్లు ఎలా పరిగెడతాయో మీకు తెలియనిది కాదు. అష్టమి ప్రాంతంలో పోటు పాట్లు మందగిస్తాయి, ఆ రోజుల్లో నిలకడ నీళ్లు చూసుకోండి. అలాంటప్పుడైనా ఒక వైపు నడిపి వచ్చే స్పీడును నమ్మకూడదు. అదే దారిలో వెళ్లి రండి. ఫోనులో జీపీఎస్ స్పీడు రెండుసార్లూ రాసుకుని కలిపి సగం చేయండి.

ఖాళీ బోటుతో ట్రయల్ చేసి మురిసిపోవద్దు. వేటకు వెళ్లేటప్పుడు ఐస్, డీజిల్, నీళ్లు, వల, మనుషులు ఉంటారు. ఆ బరువుకు తగ్గ ఇసుక బస్తాలు వేసుకుని చూడండి. ఒడ్డు చూసుకుని ముందుకు వెళ్తూ గేరు న్యూట్రల్‌కు తెచ్చి, ఒక్క క్షణం ఆగి రివర్సు వేసి బోటు ఎంత దూరంలో ఆగుతుందో కూడా చూడండి. మొగలో ప్రాణం కాపాడేది అదే.

నిషేధం కాలంలో మొగ దాటొద్దు. వల దించేసి, మత్స్యశాఖ వాళ్లకు ముందే చెప్పి, నదిలోనే చూసుకోండి. ఎవరైనా అనుమానపడినా మీ దగ్గర సమాధానం ఉంటుంది.

---

యానాం_బోటు (మే 27, రాత్రి 8:30)

ఒక చిన్న పరీక్ష చెబుతాను అన్నా. ఫుల్ రేస్‌లో నడుస్తున్నప్పుడు ఇంజిన్ గది మూత తీసి చూడండి. మూత తీయగానే ఆర్‌పీఎం పెరిగి పొగ తగ్గితే ఇంజిన్‌కు గాలి చాలడం లేదన్నట్టే. మాకు ఇలాగే జరిగింది. పాత ఇంజిన్‌కు సరిపోయిన గాలి గొట్టం పెద్ద ఇంజిన్‌కు సరిపోలేదు.

మూత తీసి లోపలికి వంగేటప్పుడు లుంగీ, తువ్వాలు వద్దు, ప్యాంటు వేసుకోండి. తిరిగే షాఫ్టుకు, బెల్టుకు గుడ్డ చిక్కితే మనిషిని లాగేస్తుంది. మా దగ్గర ఒక కలాసీకి (బోటులో పనిచేసే మనిషికి) చెయ్యి పోయింది. సైలెన్సర్ జాయింటు దగ్గర పొగ కారుతోందేమో కూడా చూడండి. మూసి ఉన్న గదిలో ఆ పొగ చాలా ప్రమాదం.

---

పల్లిపాలెం_తమ్ముడు (మే 30, రాత్రి 10:20)

ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. మీరు చెప్పినవన్నీ చేశాం. మెకానిక్ గారిని కూడా పిలిచాం. మొదట చిన్నబుచ్చుకున్నారు గానీ వచ్చారు, చివరి దాకా ఉన్నారు.

స్ట్రెయినర్ మూత విప్పితే సగానికి పైగా నల్లటి ఒండ్రు. జాలీ కనపడలేదు. ఇంపెల్లర్ రెక్క ఒకటి చివర చిరిగి ఉంది, కొత్తది వేశాం.

కప్లింగ్ విప్పి ఫీలర్ గేజి పెడితే కింద వైపు పద్నాలుగు థౌ! ఒడ్డున నాలుగు ఉందన్నది నా కళ్లారా చూశాను. ఆ గేజి ఆకు లోపలికి జారిపోతుంటే పెద్దనాన్న ఏమీ మాట్లాడలేదు, గేజి తీసుకుని తనే మళ్లీ పెట్టి చూశారు. ముందు మౌంటింగుల కింద సర్ది ఐదు థౌకు తెచ్చాం. ఒక పూట మొత్తం దానికే పట్టింది.

బోటులో ఇసుక బస్తాలు, ఆరుగురు మనుషులు. పొద్దున్నే పంటు దారిలో, నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు నడిపాం. చేతి టాకో మీటరు నరసాపురంలో తెలిసినవాళ్ల దగ్గర తెచ్చాను. మా డాష్‌బోర్డు మీటరు అరవై ఎక్కువ చూపిస్తోంది. అంటే ఆ రోజు 1880 అన్నది నిజానికి 1820.

1000 దగ్గర పొగ లేదు, టెంపరేచర్ 76. 1400 దగ్గర 80. 1600 దగ్గర 82, ఆయిల్ ప్రెషర్ నాలుగు కేజీలు. 1800 దగ్గర లేత బూడిద రంగు పొగ, 84. ఫుల్ రేస్ ఇస్తే 1850 దగ్గర ఆగిపోయింది. నల్ల పొగ, టెంపరేచర్ 87 దగ్గర నిలబడింది. వెళ్లేటప్పుడు స్పీడు 7.9 నాట్లు, వచ్చేటప్పుడు 6.9. సగం చేస్తే 7.4.

గది మూత తీశాం. 1850 కాస్తా 1900 అయింది, పొగ కొంచెం పల్చబడింది. మళ్లీ మూశాం, 1850కి పడిపోయింది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే.

వేడి సంగతి తీరింది, గాలి సంగతి తెలిసింది. కానీ ఇంకా మూడొందలు ఎక్కడికి పోతున్నాయి?

---

ఫిట్టర్_కాకినాడ (మే 31, ఉదయం 5:50)

చాలా బాగా చేశారు తమ్ముడూ. ఇంత వివరంగా రాసుకొచ్చిన వాళ్లు అరుదు.

మూడొందలు మీ ఫ్యానులోకి పోతున్నాయి. లెక్క చూడండి. పాత ఇంజిన్ 1800, గేరు 3:1, కాబట్టి షాఫ్టు 600 తిరిగేది. ఆ 600 దగ్గర 90 హార్స్ పవర్ తీసుకునేలా ఆ ఫ్యాను పోశారు. కొత్త ఇంజిన్ 2200, గేరు అదే, అంటే షాఫ్టు 733 తిరగాలి. ఫ్యాను తీసుకునే బలం తిరుగుడుతో సమానంగా పెరగదు, తిరుగుడు ఘనం (మూడో ఘాతం) చొప్పున పెరుగుతుంది. 733ని 600తో భాగిస్తే 1.22. దాని ఘనం, అంటే 1.22 × 1.22 × 1.22, సుమారు 1.82. అంటే మీ ఫ్యానును 2200 దగ్గర తిప్పాలంటే 90కి 1.82 రెట్లు, అంటే 164 హార్స్ పవర్ కావాలి. మీ దగ్గర ఉన్నది 110. అందుకే 1900 దగ్గర ఊపిరాడక ఆగిపోతోంది. ఇంజిన్‌లో లోపం లేదు.

ఇలాగే వేటకు వెళ్తే ఏమవుతుందో చెప్పాలి. వల లాగేటప్పుడు ఇంకా కిందికి పడిపోతుంది. గవర్నర్ (ఇంజిన్‌కు డీజిల్ ఎంత పోయాలో చూసే భాగం) డీజిల్ పూర్తిగా పోస్తూనే ఉంటుంది, కాలడానికి గాలి ఉండదు. వాల్వులు, పిస్టన్లు మాడతాయి, ఆయిల్ నల్లబడుతుంది. 'ఫ్రీ అవుతుంది' అని ఎదురుచూస్తే ఒకటి రెండు సీజన్లలో హాఫ్ ఇంజిన్ పనికి (ఇంజిన్ సగం విప్పి చేసే పెద్ద రిపేరుకు) వస్తుంది. కంపెనీ వాళ్లు కూడా ముందు అడిగేది ట్రయల్‌లో పూర్తి ఆర్‌పీఎం వచ్చిందా అనే.

మీకు రెండు దారులు. ఒకటి, పిచ్ (రెక్కల వాలు) తక్కువ ఉన్న చిన్న ఫ్యాను. ఖర్చు తక్కువ. రెండోది గేరు బాక్సు మార్చడం. 3.5:1 గేరు అయితే 2200కి షాఫ్టు 629 తిరుగుతుంది. అదే లెక్క వేస్తే మీ పాత ఫ్యాను సుమారు 104 హార్స్ పవర్ తీసుకుంటుంది. 110కి చక్కగా సరిపోతుంది. మీది వల లాగే బోటు కాబట్టి నేనైతే రెండో దారే చెబుతాను. పెద్ద ఫ్యాను మెల్లగా తిరిగితే లాగుడు బాగుంటుంది, చిన్న ఫ్యాను గబగబా తిరిగితే నీళ్లు చిలుకుతుంది గానీ వల బరువు తీసుకోదు. పాత గేరు బాక్సుకు 110 మోసే బలం ఉందో లేదో కూడా చూడకుండా బిగించి ఉంటారు, దాని ప్లేటు మీద చూడండి.

గేరు బాక్సు మార్చితే అలైన్‌మెంట్ మళ్లీ మొదటి నుంచి. గాలి గొట్టం ఈలోగానే పెద్దది చేయించండి.

---

పల్లిపాలెం_తమ్ముడు (జూన్ 10, రాత్రి 9:15)

గేరు బాక్సు మార్చాం. పాత దాని ప్లేటు మీద 100 హార్స్ పవర్ అని ఉంది, పెద్దనాన్నకు అది చూపించాక ఇంకేం మాట్లాడలేదు. ఇంజిన్ అమ్మినవాళ్లు పాతది తీసుకుని, పైన డబ్బులు కట్టించుకుని 3.5 ఇచ్చారు. బిగింపు కూలీ మెకానిక్ గారు సగమే తీసుకున్నారు. లెక్క కాగితం మీద వేసి చూపిస్తే, 'ఇది నాకు ఎవరూ చెప్పలేదు బాబూ' అన్నారు. కోపం పోయింది.

నీళ్ల మీద మూడు రోజులు ఉంచి అలైన్‌మెంట్ చూశాం, నాలుగున్నర థౌ. ఇంజిన్ గదికి రెండో గాలి గొట్టం పెట్టించాం. ఈ ఉదయం అదే దారి, అన్నే బస్తాలు. మూత వేసి ఉండగానే 2190. మూత తీస్తే 2195. పొగ ఉందో లేదో అన్నట్టు ఉంది. టెంపరేచర్ 84 దగ్గర అరగంట సేపు కదలలేదు. ఆయిల్ ఫుల్ రేస్‌లో నాలుగు, వేడి మీద స్లోలో ఒకటిన్నర. స్పీడు వెళ్లి వచ్చి సగం 7.8. రివర్సు వేస్తే బోటు రెండు పొడవుల లోపే ఆగింది.

ఒక్కటే మిగిలింది. సరిగ్గా 1400, 1450 మధ్య డెక్కు మొత్తం వణుకుతోంది. దాటితే పోతుంది. గేరు బాక్సు మార్చకముందు ఇది నేను గమనించలేదు.

---

ఫిట్టర్_కాకినాడ (జూన్ 11, ఉదయం 6:05)

2190 రావడం చాలా సంతోషం. వణుకుకు ఒక పని చేయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి 1400 ఇవ్వండి. అప్పుడూ వణికితే మౌంటింగులు, ఇంజిన్ బెడ్ చూడాలి. వణకకపోతే షాఫ్టు, ఫ్యాను, స్టెర్న్ బుష్ (బోటు వెనక షాఫ్టును మోసే బుష్) వైపు చూడాలి. గ్లాండు (షాఫ్టు పక్క నుంచి నీళ్లు లోపలికి రాకుండా ఆపేది) కూడా చెయ్యి పెట్టి చూడండి. నడిచేటప్పుడు నిమిషానికి నాలుగైదు చుక్కలు కారాలి, చెయ్యి కాలకూడదు. ఒక్క చుక్క కూడా రాకుండా బిగిస్తే షాఫ్టు అరిగిపోతుంది.

---

పల్లిపాలెం_తమ్ముడు (జూన్ 11, సాయంత్రం 4:40)

న్యూట్రల్‌లో వణుకు లేదండి. గ్లాండు గోరువెచ్చగా ఉంది, చుక్కలు సరిగానే పడుతున్నాయి. రేపు పాటుకు బోటును ఇసుక మేట మీద కూర్చోబెట్టి, ఫ్యాను దగ్గర షాఫ్టును పైకీ కిందికీ ఎత్తి ప్లే (వదులు) చూస్తాం. బుష్ వేసి ఆరేళ్లు అయిందని పెద్దనాన్న అంటున్నారు. కొత్త బుష్ ఒకటి నరసాపురం నుంచి తెచ్చి పెట్టుకున్నాను. ఇరవై ఐదు గంటలు నడిచాక కప్లింగ్ మళ్లీ విప్పి చూసి, ఆ అంకె కూడా ఇక్కడ రాస్తాను.